నూరు కిలోల పేరు

నేను ఒక గుండురాయిని. పుట్టింది కర్నూలు వైపు ఒక వంకలో. ఎన్నేళ్లు నీళ్లు దొర్లిస్తే ఇంత గుండ్రమయ్యానో నాకే తెలియదు. ఒక ఎండాకాలం నలుగురు నన్ను బండిమీద తెచ్చి రచ్చకట్ట ముందు పడేశారు. వాళ్లలో ఒకడు నడుం పట్టుకుని "నూరు కిలోలుంటాదిరా" అన్నాడు. అంతే, ఆనాటి నుంచి నా బరువు నూరు కిలోలు. తూచిన మనిషి లేడు.

ఏడాది పొడుగునా నామీద కూర్చుని బీడీలు కాలుస్తారు. ఉగాదినాడు మాత్రం ఆడవాళ్లు కడిగి పసుపు రాస్తారు, మగవాళ్లు ఎత్తుతారు. భుజం దాకా ఎత్తి వెనక్కి పడేసినవాడి పేరు రచ్చకట్ట గోడమీద రంగుతో రాస్తారు. మొదటి పేరు నాగప్పది. నలభై ఏళ్లుగా ఆయన ఊరందరికీ నూరు కిలోల నాగప్ప. ఆయన తర్వాత మరో పదిమంది. నన్ను పొట్టకు హత్తుకున్నప్పుడు వాళ్ల గుండెలెలా కొట్టుకునేవో నాకు తెలుసు. మీసాల వెనక అంత భయం ఉంటుందని ఎవరనుకుంటారు!

సుంకులమ్మ శెనక్కాయల మిల్లులో మూటలు మోసే పిల్ల, పందొమ్మిదేళ్లది. నాకు పసుపు రాసేటప్పుడు అటూ ఇటూ తిప్పడానికి మిగతా ఆడవాళ్లు గడ్డపార తెచ్చేవారు. ఆమెకు చేతులే చాలు. ఆ ఉగాదికి చున్నీ నడుముకు బిగించి గుంపులోంచి ముందుకొచ్చింది.

"తాతా, నేనూ ఎత్తుతా. ఎత్తితే నా పేరూ రాయాల."

"ఆడది ముట్టుకుంటే మైలమ్మే" అన్నాడు నాగప్ప.

"పొద్దున కడిగి పసుపు పూసింది నేనే గదా. అప్పుడు కాని మైల ఇప్పుడెట్లయితాది?"

ఈ పిల్ల ఎటూ ఎత్తలేదులే అనుకుని నాగప్ప పక్కకు తప్పుకున్నాడు.

ఆమె నన్ను మోకాళ్లమీదికి లాగింది. పొట్టకు ఆనించుకుంది. ఎద దాకా వచ్చాక జారాను. నా జన్మలో మొదటిసారి తేలికైపోవాలనిపించింది. రాళ్లకు ఆ సౌకర్యం లేదు. ఆమే పళ్లు బిగించి మళ్లీ పట్టుకుని భుజంమీదికి ఎక్కించి వెనక్కి పడేసింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకాయన అన్నాడు: "రాయి అరిగిపాయెలే. ఇంతమంది ఎత్తితే అరగదా?"

ఆ మాట అందరికీ నచ్చింది. "కాటా ఎక్కించండి. నూరుకు తగ్గితే పేరు లేదు" అని నాగప్ప తీర్పు చెప్పాడు.

మిల్లులో కాటా గది ఇరుకు. నన్ను మోసినవాళ్లు బయటికెళ్లారు. లోపల నాగప్ప, సుంకులమ్మ, నేను. ముల్లు గిరగిరా తిరిగి డెబ్బై రెండు దగ్గర ఆగింది.

నేనేం అరగలేదు. ఆ వంకలోంచి వచ్చిన రోజు కూడా నేను డెబ్బై రెండే అయి ఉంటాను. నాగప్పకు అది నాకంటే ముందే అర్థమైంది. ముసలాయన గోడ పట్టుకున్నాడు. నలభై ఏళ్ల పేరు ఆ ముల్లు దగ్గర కూలిపోయింది. నాకు ఆయనమీద జాలేసింది.

సుంకులమ్మ రోజూ ఆ కాటామీదే మూటలు తూస్తుంది. అది తప్పు చూపదని ఆమెకు తెలుసు. బయటికెళ్లి ఒక్క మాట అంటే పదకొండు పేర్లూ నవ్వులపాలు. ఆమె ఆయన ముఖం వైపు చూసింది.

"కాటా చెడిపోయినట్టుండాది తాతా" అంది.

నాగప్ప కళ్లు తుడుచుకుని బయటికొచ్చాడు. "నూరు. సరిగ్గా నూరే ఉండాది. పిల్ల పేరు రాయండి" అన్నాడు.

పన్నెండో పేరు రాశారు. ఊరు మెచ్చుకుంది. కానీ ఆ పిల్లకు తృప్తి లేదు. మరుసటి వారమే వంకలోంచి ఇంకో గుండు బండిమీద తెప్పించి, ముందు కాటాకెక్కించి, సరిగ్గా నూరు చూసుకుని నా పక్కన పెట్టింది. రోజూ పొద్దున్నే వచ్చి దాన్ని ఎత్తి చూస్తుంది. ఇప్పటికి ఆ గుండు మోకాలు దాటింది. పక్కనే కూర్చుని "ఇంకొంచెం, పాపా" అంటుంటాడు నాగప్ప. ఆయన కూర్చునేది నామీదే.