ఇరవై కిలోమీటర్లు

పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన గోపాలప్ప, తన పాత కారును పుంగనూరులో మెకానిక్ జాహిద్ షెడ్డుకు తెచ్చాడు. ఇంజిన్ ఆయిల్ కారుతోంది. ఎక్కడినుంచో తెలియడం లేదు.

జాహిద్ ఇంజిన్ అంతా శుభ్రంగా తుడిచి, పైన ముఖానికి పూసుకునే పౌడరు చల్లాడు.

"ఒక ఇరవై కిలోమీటర్లు తిరిగి రాండప్పా. యాడ కారతాండాదో పౌడరు మీద తెలిసిపోతాది."

"యాడికి పోయేది?"

"తెలిసినోళ్లు ఎవురైనా ఉంటే సూసి రాండి."

గోపాలప్ప సోమల దారి పట్టాడు. భార్య అమరావతి చనిపోయి ఏడాదైంది. అప్పటినుంచి అంగడికి తప్ప కారు తీయలేదు. ఎవరింటికి వెళ్లాలా అని దారంతా ఆలోచించాడు. ఒక్క పేరూ తట్టలేదు. పది కిలోమీటర్లు పోయాక, దారి పక్క టీ అంగడి దగ్గర ఒక్కడే నిలబడి టీ తాగి, వెనక్కి తిరిగాడు.

జాహిద్ బానెట్ ఎత్తాడు. ఇంజిన్ పైమూత అంచున తెల్లటి పౌడరు మీద నల్లటి చార కనబడింది.

"ఈడ రబ్బరు గట్టిపడిపోయి ఉండాదప్పా."

పాత రబ్బరు పీకి, కొత్తది వేసి, మూత బిగించాడు. ఇంజిన్ నడిపి చూశారు. చుక్క కారలేదు.

"ఇంక మీరు వచ్చే పని లేదు."

గోపాలప్ప షెడ్డులో తాను కూర్చున్న బల్ల మీదనుంచి లేవలేదు. "వారం ఆగి ఒకసారి తెచ్చి సూపిచ్చేదా?" అని అడిగాడు.

అవసరం లేదని చెప్పబోయిన జాహిద్, ఆయన ముఖం చూసి ఆగాడు.

"తీసుకురాండప్పా. పొద్దున్నే వస్తే నాకూ పని తక్కువ, కూర్చుని మాట్లాడుకోవచ్చు."