బబులోను మీద రెండో దండయాత్ర

చెంచురామయ్య తన జీవితంలో చాలా రాజ్యాలు ఏలాడు. రేపల్లె చుట్టుపక్కల పౌరాణిక నాటకం వేశారంటే దుర్యోధనుడైనా, రావణాసురుడైనా ఆయనే. పగలు కాలవ చివరనున్న శివారు పొలానికి నీళ్లు రాక కాలవగట్టు మీద కాపలా, రాత్రి హస్తినాపురం. అలాంటి మనిషి మూడేళ్ల కిందట సొంత ఊళ్లోనే పద్యం మరిచిపోయాడు. మొదటి పాదం అందుకున్నాడు, రెండోది రాలేదు. జనం ఊరుకుంటారా? ఈలలు వేశారు, ఎవడో వెనకనుంచి “దిగిపో తాతా” అని అరిచాడు. దిగిపోయాడు. మళ్లీ పిలిచిన నాథుడు లేడు. ఇంట్లో ఎవరితోనూ అనలేదు గానీ, చచ్చేలోగా ఒక్క పద్యం, నాలుగు పాదాలూ జనం ముందు నిలబడి పాడాలన్న కోరిక ఆయన్ని తినేస్తూ ఉండేది.

ఆఖరికి పిలిచింది తెనాలి పక్కనున్న అంగలకుదురు టీచరమ్మ దేవకుమారి. బళ్లో సోషల్ చెబుతుంది, ఆదివారం లూథరన్ చర్చిలో పాటలు పాడిస్తుంది. బాపట్ల పద్యనాటక పోటీలకు ఇంతవరకు ఎవరూ వేయని నాటకం వేస్తానని కూర్చుంది. పారసీక చక్రవర్తి సైరస్ కథ. బైబిల్లో ఆయన పేరు కోరెషు, అందుకని నాటకంలోనూ కోరెషే.

“మొదట్లో ఆయనది చిన్న సంస్థానం బాబాయ్ గారూ” అంది దేవకుమారి, తెనాలిలో రిహార్సల్ మొదలైన రోజున. “ముందు మాదీయుల్ని గెలిచాడండి. వాళ్ల గుర్రాలెక్కి లిడియా మీదికెళ్లాడు. అక్కడి బంగారంతో సైన్యాన్ని పెంచుకుని బబులోను మీదికొచ్చాడు. ఆ కోటగోడ ఎవడివల్లా పగలదు. మధ్యలోంచి యూఫ్రటీసు నది పోతా ఉంటది. గోడ జోలికి పోకుండా ఏరునే పక్కకి తిప్పేసి, ఎండిపోయిన ఏట్లోంచి నడిచెళ్లి కోట పట్టుకున్నాడని చెబుతారండి.”

“ఏరు తిప్పాడా? ఎవరి పర్మిషన్ తీసుకున్నాడంటమ్మా?” అన్నాడు చెంచురామయ్య. “నేను తూము తలుపు బెత్తెడు ఎత్తితేనే కేసు పెడతామన్నారు.”

అందరూ నవ్వారు గానీ రిహార్సల్ మాత్రం నవ్వులాటగా లేదు. కోరెషు వేషంలో చెంచురామయ్య నడిచొస్తుంటే అచ్చం దుర్యోధనుడే కనిపించేవాడు. కోపమొస్తే తొడ చరిచేవాడు. డ్రెస్సుల కంపెనీవాళ్లు నెమలి పింఛమున్న కిరీటం, ఒక గదా పంపించారు. పోటీ రోజున మేకప్ చేసే సీమోను అలవాటు కొద్దీ పారసీక చక్రవర్తి నుదుట నిలువునామం దిద్దేశాడు. దేవకుమారి చూసి లబోదిబోమంటూ పరుగెత్తుకొచ్చి కొంగుతో తుడిచింది. “పోన్లే టీచరమ్మా, రాజన్నాక బొట్టుండొద్దా” అని చెంచురామయ్యే సీమోనును వెనకేసుకొచ్చాడు.

ఆయన్ని నిజంగా కాల్చింది మాత్రం వినోద్ కుమార్ మాట. వినోద్ కుమార్ బబులోను రాజు బెల్షస్సరు. ఈడున్నవాడు, గొంతున్నవాడు, పోటీల్లో కప్పులు కొట్టినవాడు. తెర వెనకాల దేవకుమారితో అన్నాడు: “మేడమ్, ఆ ఏరు తిప్పే పద్యం నాకూ వచ్చండి. ఆయన ఆగిపోతే సింహాసనం మీంచే నేనందుకుంటా. నాటకం పోకూడదు కదండీ.” చెంచురామయ్య విననట్టు కత్తి సర్దుకున్నాడు. అన్నదాంట్లో తప్పేముంది? తప్పు లేకపోవడమే ఆయనకు ఎక్కువ బాధయింది.

సాయంత్రం నాలుగింటికి తెర లేచింది. బాపట్ల హాలు నిండిపోయింది. రేపల్లె నుంచి కూడా జనం దిగారు. కొందరు నాటకం కోసమూ, కొందరు చెంచురామయ్య మళ్లీ ఆగిపోతాడేమో చూద్దామనీ. రంగస్థలం మధ్యలో దేవకుమారి శిష్యురాళ్లు జెన్నిఫర్, శ్రీజ పొడుగాటి నీలం చీర చాచి పట్టుకుని అలలు రేపుతున్నారు. అదే యూఫ్రటీసు. పద్యం పూర్తికాగానే దాన్ని దించాలని వాళ్లకు చెప్పి ఉంచారు. ఏటికి అవతల బెల్షస్సరు విందులో మునిగి ఉన్నాడు. ఇవతల కోరెషు. మత్తయి హార్మోనియం మీద శ్రుతి ఇచ్చాడు.

“ఏరు దారి మార్చి యెడమకు మళ్లించి...”

గొంతు ఖంగున మోగింది. హాలు సర్దుకుని కూర్చుంది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

మత్తయి శ్రుతిని సాగదీశాడు. మళ్లీ సాగదీశాడు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సింహాసనం మీద వినోద్ కుమార్ గొంతు సవరించుకోవడం చెంచురామయ్య కళ్లారా చూశాడు. అయిపోయింది, ఇక దిగిపోవడమే అనుకున్నాడు.

దిగబోతూ ఏటికేసి చూశాడు. పద్యం పూర్తికాలేదు గనక పాపం ఆ పిల్లలు దాన్ని దించలేదు. గట్టు ఒరుసుకుని పారుతోంది. ఆ నిండు ఏరు చూడగానే ఆయనకు ఒళ్లు మండిపోయింది. ఏడాదికేడాది పైవాళ్ల చేలకే పారి, తన చేను దాకా ఏనాడూ తిన్నగా రాని నీళ్లు!

“ఏంట్రా అట్టా గుడ్లప్పగించి చూస్తారు!” అని తన సైన్యం మీద విరుచుకుపడ్డాడు. “పట్టండి పారలు! కొట్టండి గండి! ఎడంపక్క కాలవలోకి తిప్పండి నీళ్లని! చుక్క మిగిలిందా, మీ పని చెబుతా!”

పారసీక వీరులు బిత్తరపోయి, తేరుకుని, బల్లేలతోనే తవ్వడం మొదలుపెట్టారు. చక్రవర్తి పట్టుపంచె పైకి ఎగ్గట్టి తానే ఏట్లోకి దిగాడు. నీలం చీర అంచు పట్టుకుని గుంజాడు. జెన్నిఫర్ తెలివైన పిల్ల, టక్కున వదిలేసింది. యూఫ్రటీసు మొత్తం ఎడమవైపుకి దొర్లిపోయింది. “అదీ! అట్టా కొట్టు మావా!” అని హాల్లోంచి ఎవరో అరిచారు. ఆ అరిచినవాడికీ శివారు పొలమే ఉండి ఉంటుంది.

చెంచురామయ్య ఖాళీ అయిన ఏట్లోకి కాలు పెట్టాడు. ఒక అడుగు, ఇంకో అడుగు. అంతే, పద్యం దానంతటదే నోట్లోకి వచ్చేసింది.

“ఇసుక మీద నడచి యెదురు లేక
కోట గుమ్మమందు కోరెషు నిలుచుండ
బబులు పురము తలుపు పగిలి పోవు!”

ఆఖరి పాదాన్ని రాగంలో ఎత్తి, తిప్పి, ఎంతకీ దించలేదు. ఆ రాగంలోనే కోట దాటాడు, ఆ రాగంలోనే కత్తి దూశాడు. బెల్షస్సరు సింహాసనం మీంచి దొర్లి కిందపడి చచ్చాడు.

“వన్స్ మోర్!” అంది హాలు.

మన నాటకాల్లో ఆ కేక పడితే రాజైనా దేవుడైనా ఆ పద్యం మళ్లీ పాడాల్సిందే. కానీ ఇవి పోటీలు. పద్యం రెండోసారి పాడితే మార్కులు కోసేస్తామని పొద్దున్నే మైకులో చెప్పారు. చెంచురామయ్య తెర పక్కనున్న దేవకుమారి వైపు చూశాడు. ఏడాదిపాటు తిండీ నిద్రా మాని రాసుకున్న నాటకం ఆమెది. ఆమె జడ్జీల వైపు చూసింది, జనం వైపు చూసింది.

“పాడండి బాబాయ్ గారూ! కప్పు పోతే పోయింది!” అంది.

పాడాలంటే బబులోను మళ్లీ నిలబడాలి. జెన్నిఫరూ శ్రీజా పరుగున వచ్చి ఏరు పరిచారు. చచ్చిపడున్న వినోద్ కుమార్ ఒక కన్ను తెరిచి, బట్టలు దులుపుకుంటూ లేచాడు.

“కానీ బాబాయ్” అన్నాడు మెల్లగా, సింహాసనం ఎక్కుతూ. “నీ చేతిలో ఎన్నిసార్లయినా చస్తా.”

చెంచురామయ్య ఏటి ఒడ్డుకు వచ్చి నిలబడ్డాడు. మత్తయి శ్రుతి ఇంకా పూర్తిగా అందకముందే మొదలుపెట్టాడు. ఒకటో పాదం వెనకే రెండోది, దాని వెనకే మూడోది, నాలుగోది. నవ్విన బెంచీలవాళ్లు ఇప్పుడు బెంచీలెక్కి నిలబడ్డారు. బబులోను రెండోసారి కూలింది. కోరెషు చక్రవర్తి కిరీటం తీసి చంకలో పెట్టుకుని, అందరూ చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చాడు. గెలిచిన రాజు ఏడుస్తుంటే జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.