కళ్ళు విచ్చిన సీతాఫలం

మొదట డాక్టర్ ఉదయ్ భాస్కర్ చేతిలో ఉన్నది ఒక సీతాఫలం.

ఖాజాగూడ గుట్ట మీద కాసింది. ఎండ వేడి ఇంకా తొక్కలోనే ఉంది. కళ్ళు విచ్చి, ఆ సందుల్లోంచి తియ్యటి వాసన...

తెచ్చింది కిష్టమ్మ. అతని దగ్గర మందు తీసుకునే ముసలామె. కాయల కాలంలో వట్టి చేతులతో ఎప్పుడూ రాదు.

ఆ గుట్టల్ని సగం పేల్చి అద్దాల మేడలు కట్టారు. ఈ ఆసుపత్రి ఆ మేడల్లో ఒకటి. పేలుళ్ళు ఎప్పుడో ఆగిపోయాయి. కిష్టమ్మ చెవుల్లో ఆగలేదు. కళ్ళు మూస్తే చాలు —

బండ పగులుతుంది.

అందుకే రాత్రికో చిన్న నిద్రమాత్ర. ఏళ్ళుగా అదే.

తర్వాత నిబంధన వచ్చింది. పెద్ద వయసువాళ్ళకు ఆ మాత్ర వద్దు. మత్తులో పడతారు. తుంటి విరుగుతుంది.

నిబంధనలో తప్పు లేదు. అతనికీ తెలుసు. కొద్దికొద్దిగా తగ్గిద్దామనుకున్నాడు. ఒక పక్క పడిపోయే భయం, ఒక పక్క పగిలే బండ. రెండూ తూచి చూసే మనిషి.

కంప్యూటర్ దగ్గర తక్కెడ లేదు.

ఆమె పేరు తెరవగానే ఎర్ర గుర్తు. కారణం రాయండి. రాశాడు. చాలదు. మళ్ళీ రాశాడు. కమిటీకి పంపండి. పంపాడు. తిరిగొచ్చింది. తెర ఒప్పుకోనిదే మందుల కౌంటర్‌లో మాత్ర ఇవ్వరు.

బయట దగ్గులు. లోపల కీబోర్డు చప్పుడు. ఆమె నాడి చూడాల్సిన చేత్తో ఆమె గురించి టైపు చేస్తూ కూర్చున్నాడు.

కిష్టమ్మ అంతా చూసింది.

"జర ఆగు బిడ్డా. నా గోలికి నీ నౌకరి పోతదా ఏంది?"

"అదేం లేదమ్మా. మీరు కూర్చోండి."

"మరెందుకు గింత పరేషాన్? నాకిప్పుడు మంచిగ నిద్ర పడ్తుంది. గోలి వద్దని రాసెయ్."

అతను మణికట్టు పట్టుకున్నాడు. వేళ్ళ కింద నాడి పరుగెడుతోంది — మందుగుండుకు నిప్పంటించి పారిపోయే మనిషిలా.

అబద్ధం.

అతని కోసం ఆడిన అబద్ధం.

బయట దగ్గులు... ఇంకా దగ్గులు...

'బాగా నిద్రపోతున్నారు' అని రాశాడు. మాత్ర ఆపేశాడు. తగ్గించడం కాదు — ఒక్కసారిగా ఆపేశాడు.

ఎరుపు పచ్చగా మారింది.

ఎంత తేలిక!

సీతాఫలాల కాలం ఇంకా పోలేదు. కిష్టమ్మ వంతు పిలిస్తే, కోడలు రేఖ ఒక్కతే లేచి వచ్చింది.

"అత్తమ్మ ఇంట్ల ఉంటలేదు సార్. గుట్ట మీద కూసుంటది. రమ్మంటే రాదు. 'నేను కన్ను మూస్తే మళ్ల పేలుస్తరు' అంటది. చేతులు ఒకటే వణుకుడు..."

అతను తెర వైపు తిరిగాడు. మాత్ర పేరు కొట్టాడు.

రోగి బాగా నిద్రపోతున్నారు. మాత్ర అవసరం లేదు.

కింద అతని పేరే. అతని మాటే, బండలా అడ్డం.

కారణం రాయండి.

ఈసారి చాలే కారణం ఒక్కటే ఉంది. నేను రాసింది అబద్ధం.

వేలు మీట మీద ఆనింది. నొక్కలేదు. తియ్యలేదు.

రేఖ సంచిలోంచి ఒక కాయ తీసి బల్ల మీద పెట్టింది. "మీకే ఇయ్యమన్నది సార్. బిడ్డ నా కోసం మస్తు తిప్పలు పడ్డడు అన్నది."

లెక్క చూసుకుంటే అతనికి మిగిలింది ఒక పచ్చ గుర్తు. ఒక సీతాఫలం.

ఎండ వేడి లేదు దానిలో. గుట్ట మీది రాయిలా చల్లగా ఉంది.

కళ్ళు మాత్రం విచ్చుకునే ఉన్నాయి...