గుంటూరు దాకా తోడు

వినుకొండలో సీతారత్నం భయపడని రోజంటూ లేదు. అలాంటిది కూతురు అన్విత థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం, కంబోడియాల్లో రైళ్ళూ బస్సులూ మారుతూ ఒంటరిగా, చౌకగా తిరిగొస్తానని చెబుతుంటే తాపీగా వింది. ఆ పేర్లకే నోరు తిరగలేదు. అక్కడ దేనికి భయపడాలో ఆవిడకు తోచలేదు.

"ముందు ఇక్కడ బస్సెక్కి గుంటూరు వెళ్ళి, చెన్నై రైలందుకుంటా."

సీతారత్నం గబుక్కున కూతురి దగ్గరికొచ్చింది. "గుంటూరు బస్సా? ఒక్కదానివే? మిర్చి సీజను తల్లీ, రోడ్డంతా యార్డు లారీలే. బస్టాండులో ఎలాంటివాళ్ళుంటారో నీకేం తెలుసు? అసలీ ప్రయాణమే వద్దు."

"చెన్నై నుంచి విమానం టిక్కెట్టు కొనేశానమ్మా."

ఆవిడ పేపరు చదువుకుంటున్న భర్తను పిలిచింది. "ఏవండీ, దీన్ని గుంటూరులో రైలెక్కించి రండి. ఆ తర్వాత విదేశాలేగా, అదే వెళ్ళొస్తుంది."