ఆవాల గిన్నెలో టోకెను

పొద్దున తొమ్మిదిన్నర కాకముందే రామసుబ్బమ్మ జీవమ్మ గడప దగ్గర నిలబడేది. చేతిలో చెంబు ఉంటే మజ్జిగకు, చాట ఉంటే కబుర్లకు. ఉత్త చేతులతో వచ్చిందంటే మాత్రం రైలు కోసమే.

"జీవమ్మా, గుంతకల్లు బండి యాడుందో చూడు. మా చెల్లెలు వస్తాండాది."

జీవమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండా మెడ చాచి ముందు గదిలోకి చూసేది. "పాణ్యం దాటలా. బర్రె అడ్డమొచ్చిందేమో, ఆడ్నే నిలబడుకోనుంది. పోయి ఎసరన్నా పెట్టుకోపో."

"ఈ దేవదానమన్న బండెప్పుడూ ఇంతే" అని సణుక్కుంటూ రామసుబ్బమ్మ వెళ్లిపోయేది. బండి ఆలస్యమైతే వీధి వీధంతా దేవదానాన్నే తిట్టేవాళ్లు. ఆయన కూడా తప్పు తనదే అయినట్టు తల వంచుకునేవాడు.

జీవమ్మ మొగుడు దేవదానం నంద్యాల స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆయన ఇంట్లో కట్టుకున్న చిన్న రైలుకు ఇంజను డాల్డా డబ్బా రేకు, పొగగొట్టం దారం రీలు. పట్టాలు విరిగిపోయిన గొడుగుల ఊచలు. స్లీపర్లు వేపపుల్లలు, స్టేషన్లు పేర్లు రాసిన అట్టముక్కలు. లోపల మోటారు లేదు, బ్యాటరీ లేదు. బయట పెద్ద రైలు కదిలితే ఇది కదిలేది, అది నిలబడితే ఇది నిలబడేది. టెలిఫోను తీగలు తెగిన దినాల్లో స్టేషన్ మాస్టరు కూడా మనిషిని పంపి, గిద్దలూరు బండి బొగద సొరంగం దాటిందో లేదో అడిగించుకునేవాడు. బొగదంటే నల్లమల కొండ కిందది కాదు, జీవమ్మ ఇంట్లోది. పగిలిన కడవ మెడ.

డెబ్భై ఎనిమిదిలో దేవదానం రిటైరైనాడు. రైల్వే క్వార్టరు నెలలో ఖాళీ చెయ్యాలన్నారు. ఇరవై ఏండ్ల రైలును ఊచ ఊచా పీకి నాలుగు గోనెసంచుల్లో కట్టినాడు. సామాను ఎద్దులబండి మీద పక్క వీధి కొత్త ఇంటికి పోతా ఉంటే ఒక సంచి తనంతట తాను ముందుకు జరుగుతా ఉంది. టైము పదింబావు, గుంతకల్లు బండి బయల్దేరే వేళ. బండి తోలేవాడు సంచిని కాలితో అదిమిపట్టి, "దీన్ని కట్టెయ్యండప్పా, కింద పడితే నన్నంటారు" అన్నాడు.

కొత్త ఇల్లంటే రెండు గదులు. ముందు గది రైలుకు పోయింది. వెనక గదిలో పొయ్యి, బియ్యం గాదె, మంచం, మనుషులు.

"ఇల్లు కట్టింది నాకా, దానికా?" అని జీవమ్మ అడిగింది.

"నీకే."

"మరి నేను కాళ్లు యాడ పెట్టాల? గాజులపల్లె మీదనా?"

దేవదానం జవాబు చెప్పేరకం కాదు. ముప్ఫై ఏండ్లు పైవాళ్లు చెప్పింది విని తలూపిన మనిషి. ఇంట్లో కూడా తలూపినాడు, ఊపి తన పని తాను చేసుకున్నాడు. జీవమ్మ నోరు వీధి చివరి దాకా వినబడేది గానీ ఆ తల ఊపుడు ముందు ఎప్పుడూ ఓడిపోయేది.

పట్టాల కింద కంకర జీవమ్మ తమ్ముడు ఇమ్మానుయేలు తెచ్చేవాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ రైల్వే గ్యాంగుమన్ బిడ్డలే. తమ్ముడు మాత్రం రైలు లేని ఆళ్లగడ్డలో శిల్పాల పనికి కుదిరినాడు. పెండ్లి చేసుకోలేదు. ఎవరన్నా అడిగితే, "పొద్దుగూకులూ దేవతల నడుమే ఉంటాండా, ఇంక పెండ్లామెందుకు" అనేవాడు. శేషయ్య మేస్త్రీ దగ్గర రాయి చెక్కేవాడు. నెలకోసారి సిమెంటు సంచిలో రాతి పెచ్చులు నింపుకుని బస్సులో వచ్చేవాడు.

"ఇది వినాయకుని బొజ్జలోది బావా. ఇది ఆంజనేయుని తోకది. ఈ తెల్లగుండేది లక్ష్మి ముక్కు పక్కన గీసింది."

"పాస్టరయ్యకు చెప్పబాక" అనేది జీవమ్మ. "క్రైస్తవుల కొంపలో రైలు ఎవరి మీద నడుస్తాందో తెలిస్తే ఆదివారం అంతా నా మీదనే ప్రసంగం."

ఒకసారి ఆ సంచిలో రేగ్గాయంత నున్నటి రాతి గుండు వచ్చింది. సింహం బొమ్మ నోట్లో దొర్లే గుండు. నోరు చెక్కుతా ఉంటే దవడ విరిగి బయటపడిందట. పారేయబుద్ధి కాక జీవమ్మ దాన్ని పోపుడబ్బాలో ఆవాల గిన్నెలో వేసింది. ఆవాలు తీసినప్పుడల్లా వేలికి చల్లగా తగిలేది.

"బావా, సర్కారోళ్లు మా ఊరికి రైలేస్తామని మా తాతప్పటి నుంచి చెప్తాండారు. నువ్వన్నా వెయ్యి" అన్నాడు ఒకనాడు ఇమ్మానుయేలు, నవ్వుతూ. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగడానికి చానాసేపు పట్టింది. వీపు నిమురుతున్న జీవమ్మ అరచేతికి చొక్కా మీది రాతిపొడి తెల్లగా అంటుకుంది.

"ఆ పని మానుకోరా."

"మానుకుని ఏం తినేది?"

అందరినీ కడిగిపారేసే నోరు, తమ్ముడి దగ్గు ముందు ఊరికే మూతబడిపోయేది.

దేవదానం ఆళ్లగడ్డ లైను మొదలుపెట్టినాడు. ముందు గది నంద్యాల నుంచి పట్టా దక్షిణంగా తిప్పి, రెండు గదుల నడుమ గడపకు తొర్ర చేసి, పొయ్యి వారగా శిరివెళ్ల మీదుగా బియ్యం గాదె వెనక్కి తీసుకుపోయినాడు. గాదె వెనక ఆళ్లగడ్డ. అట్టముక్క మీద సున్నంతో పేరు రాసి నిలబెట్టినాడు. ఏడాది పట్టింది. అంతా అయినాక బండి కదల్లేదు.

చేత్తో తోస్తే తోసినంత దూరం పోయేది. చెయ్యి తీస్తే నిలబడేది. దేవదానం రోజూ పొద్దున పట్టాల పక్కన గొంతుకూర్చుని దాన్నే చూస్తా ఉండేవాడు. జీవమ్మ పొయ్యికీ గాదెకూ నడుమ రోజుకు ఇరవైసార్లు శిరివెళ్లను దాటుకుంటా, "కదలని దానికి నా వంటిల్లు ఇచ్చుకున్నావు" అనేది. ఆయన తలూపేవాడు.

ఆ ఏడు వానకార్తెలు దాటినాక వాన పట్టుకుంది. మూడో దినం పొద్దున రామసుబ్బమ్మ మొగుడు మద్దిలేటి, ఆళ్లగడ్డ బస్సు కండక్టరు, తడిసిన ఖాకీతోనే నేరుగా జీవమ్మ ఇంటికొచ్చినాడు.

"అక్కా, మీ తమ్ముడు నెత్తురు కక్కుతాండాడు. ఆడుండే డాక్టరు చేతులెత్తేసినాడు, నంద్యాల పెద్దాసుపత్రికి బేగా తీస్కపోండి అన్నాడంట. నా బస్సెక్కించాలని శేషయ్య మేస్త్రీ మనిషిని పంపినాడు గానీ, ఆ మనిషి వచ్చేసరికి నేను బయల్దేరేసినా. బస్సు పక్కన ఉరుకుతా ఈ మాట అరిచి చెప్పినాడంతే." చెప్పి తల దించుకున్నాడు. "నాదే ఆఖరి బస్సు. మేము దాటినంక శిరివెళ్ల కాడ వాగు రోడ్డును కోసుకపోయింది."

జీవమ్మ గొడుగు కోసం చూసింది. ఇంట్లో గొడుగు యాడుంది? ఊచలన్నీ పట్టాలైనాయి, గుడ్డలన్నీ మసిగుడ్డలైనాయి. గోనెపట్ట కప్పుకుని బస్టాండుకు పోయింది. బస్సులు లేవు. లారీల వాళ్లను అడిగింది. "వాగులో లారీ పోతే నువ్విస్తావా?" అన్నారు. జీపు ఉన్న పెద్దమనిషి ఇంటికి పోతే, అయ్య నిద్రలో ఉన్నాడన్నారు. ఎద్దులబండి వాడు మాత్రం జాలిగా, "అమ్మా, ఎద్దులకు ఈత రాదు" అన్నాడు. పాస్టరయ్య మోకాళ్లూని ప్రార్థన చేసినాడు. జీవమ్మ కూడా మోకాళ్లూనింది. నోటికి ప్రార్థన రాలేదు, తిట్లే వచ్చినాయి. వాటిని బయటికి రాకుండా పళ్లు బిగబట్టుకుంది.

రెండు దినాలు అట్లనే గడిచినాయి. పోవడానికి దారి లేదు, కబురుకు దారి లేదు. మనిషి ఉన్నాడో లేడో తెలియదు. నలభై కిలోమీటర్లు. సైకిలు తొక్కితే సాయంత్రానికి చేరే ఊరు.

మూడో పొద్దున ఆమె వంట చెయ్యలేదు. గాదె పక్కన కూలబడి, ఆళ్లగడ్డ అని రాసిన అట్టముక్కను చూస్తా కూచుంది. అవతల ముందు గదిలో దేవదానం, కదలని ఇంజను ముందు.

"ఏమయ్యా" అంది. రెండు దినాల్లో ఆయనతో ఆమె మాట్లాడిన మొదటి మాట. "ఇదెందుకు కదల్దు?"

దేవదానం దొంగతనం ఒప్పుకున్నట్టు మెల్లగా అన్నాడు. "టోకెను లేదు."

జీవమ్మకు తెలుసు. ముప్ఫై ఏండ్లు స్టేషనుకు క్యారియరు మోసిన మనిషి. ఒంటి లైను మీద ఎదురెదురుగా రెండు బండ్లు పోకుండా, స్టేషన్ మాస్టరు తన గదిలోని ఎర్ర మిషనులోంచి ఒక ఇనప గుండు తీస్తాడు. దాన్ని తోలుసంచిలో వేసి, బెత్తపు రింగుకు కట్టి, పాయింట్స్‌మన్ చేతికిస్తాడు. పాయింట్స్‌మన్ పరుగెత్తి ఇంజనుకు అందిస్తాడు. ఆ గుండు చేతికి రానిదే ఏ డ్రైవరూ బండిని కదిలించడు. మిగతా లైన్లలో పెద్ద రైళ్లు నడుస్తున్నాయి, వాటి టోకెన్లు వాటికున్నాయి. ఆళ్లగడ్డ లైనుకు ఎవరిచ్చినారు?

"ఇది నీకు ముందే తెలుసా?"

ఆయన తలూపినాడు.

"ఏడాది నుంచీ?"

మళ్లీ ఊపినాడు.

"మరి ఇయ్యి!"

"నేనెట్ల ఇస్తానే?" దేవదానం నిజంగా భయపడినాడు. "టోకెను తీసేది మాస్టరు. నేను పాయింట్స్‌మన్ను. నాది అందించే చెయ్యి. తీసే అధికారం నాకు యాడిది?"

జీవమ్మ ఆయన వైపు చూసింది. ముప్ఫై ఏండ్లు ఎండలో, వానలో, వేలమంది ప్రాణాలు ఆ చేతి మీదుగా దాటించిన మనిషి. సొంత ఇంట్లో, డాల్డా డబ్బా ముందు కూడా పై ఆఫీసరు కోసం కాచుకుని కూచున్నాడు. తిట్టాలనుకుంది. ఈసారి తిట్టు రాలేదు.

లేచి పోపుడబ్బా తెరిచింది. ఆవాల గిన్నెలో వేలు పెట్టి రాతి గుండు తీసింది. రవికె అంచు చింపి చిన్న మూట కట్టింది. చేతికి మిగిలిన ఒక్క ఆకుపచ్చ గాజు తీసి, మూటను దానికి ముడేసింది.

"నేను మాస్టరును" అంది. "పట్టుకో."

దేవదానం లేచి నిలబడినాడు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. రెండు చేతులా ఆ గాజును అందుకుని, నాలుగడుగులు నడిచి, వంగి, ఇంజను పొగగొట్టానికి తగిలించినాడు.

బండి కదిలింది.

గడప తొర్రలోంచి వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్క నుంచి పోయి, గాదె వెనక మాయమైంది. గాజు గలగలమన్న చప్పుడు కొంతసేపు వినబడి ఆగిపోయింది. జీవమ్మ గాదె వెనక్కి చెయ్యి పెట్టబోయింది.

"పెట్టబాక" అన్నాడు దేవదానం. "గుండు ఇచ్చినంక లైను మనది కాదు. అది తిరిగొచ్చేదాకా మనం చేసేదేమీ ఉండదు."

చేసేదేమీ లేకుండా కూచున్నారు. పది కొట్టింది, పదకొండు కొట్టింది. బయట వాన. రామసుబ్బమ్మ వచ్చి, వాళ్ల మొహాలు చూసి, ఏమీ అడక్కుండా పొయ్యి రాజేసి ఎసరు పెట్టింది.

పన్నెండు దాటినాక గాదె వెనక గాజు చప్పుడైంది. బండి బయటికొచ్చింది. మెల్లగా, బరువు మోస్తున్నట్టు. శిరివెళ్ల దగ్గర, పొయ్యి పక్కన, ఆగిపోయింది. రామసుబ్బమ్మ ఎసరు మూత పట్టుకుని అట్లనే నిలబడింది. ఎవరూ ముట్టుకోలేదు. కొంతసేపటికి బండి మళ్లీ కదిలి, గడప దాటి, నంద్యాలలో నిలబడింది. పొగగొట్టం మీద గాజు లేదు.

దేవదానం పాత ఖాకీ తొడుక్కున్నాడు. ఇద్దరూ వానలో స్టేషనుకు పరుగెత్తినారు.

ప్లాట్‌ఫారం చివర, నీళ్ల కొళాయి దగ్గర సిమెంటు బెంచీ మీద ఇమ్మానుయేలు కూచుని ఉన్నాడు. ఒంటి మీద వాన చుక్క లేదు. నెత్తిన రాతిపొడి, పెదాల మీద ఎండిన నెత్తురు. ఎముకలు తేలిన మణికట్టుకు ఆకుపచ్చ గాజు. పక్కన టికెట్ కలెక్టరు అబ్రహాము పుస్తకం తిరగేస్తున్నాడు.

"ఆళ్లగడ్డ నుంచంట. టికెట్టు లేదు. పోనీ చార్జీ వసూలు చేద్దామంటే ఆ ఊరు నా పుస్తకంలో లేదు" అని విసుక్కున్నాడు. "లేని ఊరికి నేనేం రాసేది? తీస్కపో దేవదానమన్నా, తొందరగా ఆసుపత్రికి తీస్కపో."

"రైలు యాడికొచ్చిందిరా?" అని అడిగింది జీవమ్మ, జట్కాలో తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని.

"పెచ్చులు పారబోసే తావుకు. మేస్త్రీ ఎత్తి ఎక్కించినాడు." మాట మాటకూ ఆగినాడు. "ఇద్దరు మేకలోళ్లు కూడా ఎక్కినారు. శిరివెళ్లలో దిగినారు. పెట్టె నిండా పోపు వాసనక్కా. ఆకలైంది." గాజు, దానికి వేలాడే గుండు మూట తీసి ఆమె చేతిలో పెట్టినాడు. "దిగేటప్పుడు డ్రైవరు ఇచ్చినాడు. మాస్టరమ్మకు ఇయ్యమన్నాడు."

నెలన్నర ఆసుపత్రిలో ఉన్నాడు. నెత్తురు ఆగింది. రొమ్ములో చేరిన రాయి బయటికి రాదని, ఇంకా చేరకుండా చూసుకోవడమే చెయ్యగలిగిందని డాక్టరు చెప్పినాడు.

ఎండలొచ్చేసరికి రోడ్డు బాగైంది. శేషయ్య మేస్త్రీ కబురు పంపినాడు. పెద్ద నంది సగంలో ఆగిపోయింది, ఒక చెవి మిగిలుంది, ఆ చెవి చెక్కే చెయ్యి ఇమ్మానుయేలుదే. ఇమ్మానుయేలు ఆ పొద్దున తలకు పోసుకుని, ఉన్న రెండు చొక్కాలూ మూట కట్టుకున్నాడు.

"పోయొస్తానక్కా. ఒక్క చెవే గదా."

జీవమ్మ పొయ్యి ముందు ఉంది. నూనె కాగుతోంది. తల తిప్పలేదు.

"బస్సుకా?"

"బస్సెందుకు? వచ్చిన బండిలోనే పోతా." ముందు గదిలో ఇంజను ఆళ్లగడ్డ వైపు మొహం పెట్టుకుని నిలబడి ఉంది. దేవదానం దాని పక్కనే, చెయ్యి చాచి, భార్య కోసం చూస్తున్నాడు.

జీవమ్మ ఆవాల గిన్నెలో వేలు పెట్టింది. గుండు చల్లగా తగిలింది. చిటికెడు ఆవాలు తీసి నూనెలో వేసి, డబ్బా మూత గట్టిగా అదిమి పెట్టింది.

"లైను క్లియర్ లేదు" అంది.

"ఎప్పుడిస్తావు?"

"మాస్టరు ఇచ్చినప్పుడు."

బస్టాండు ఇంటికి అర మైలు కూడా లేదు. బస్సులు గంటకొకటి పోతాండాయి. కానీ ఇమ్మానుయేలు గ్యాంగుమన్ కొడుకు. మూట పట్టుకుని కొంతసేపు నిలబడినాడు. బావ వైపు చూసినాడు. దేవదానం, మాస్టరు మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి, వంగి ఆళ్లగడ్డ సిగ్నలు రెక్కను ఆగమన్నట్టు అడ్డంగా పెట్టినాడు.

ఇమ్మానుయేలు నవ్వబోయినాడు, దగ్గు వచ్చింది. దగ్గు తగ్గినాక మూట గాదె మీద పెట్టి, గాదె పక్కనే, ఆళ్లగడ్డలో, కూచున్నాడు. తర్వాత తొమ్మిదేండ్లు అక్కడ్నే కూచుని, పట్టాల కింద చెదిరిన పెచ్చులు సర్దుకుంటా బతికినాడు.

ఆ నందికి ఇప్పటికీ ఒకటే చెవి.