ఎక్కడ దిగుతారు?

మా లోకల్ ట్రైన్‌లో ఆడవాళ్ళ పెట్టె ఎక్కగానే ఎవరూ పేరు అడగరు, ఊరు అడగరు. "ఎక్కడ దిగుతారు?" అని అడుగుతారు. కూర్చున్నావిడ ఘాట్కోపర్ అందంటే, అక్కణ్ణించి ఆ సీటు అడిగినవాళ్ళది. కల్వాలో ఎక్కే నాలాంటివాళ్ళకి ఏ సీటూ మిగలదు, అన్నిటికీ ముందే మాట అయిపోయి ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా నేను నిలబడే ముంబైలో ఆఫీసుకి చేరుతున్నాను.

మా ఆయన అవధూత్‌కి ఇవేవీ తెలియవు. ఆయన ఫ్యాక్టరీ అంబర్‌నాథ్‌లో. పొద్దున్నే జనమంతా ముంబై వైపు ఎగబడుతుంటే ఆయన ఎదురుదిక్కు బండిలో వెళతాడు. కిటికీ పక్క సీటు, ఎదుటి సీటు మీద కాళ్ళు. ఆయన దృష్టిలో లోకల్ ట్రైన్ అంటే చల్లగాలి. అలాంటి మనిషి మేం ఇల్లు ఎక్కడ కొనాలో లెక్క వేశాడు.

ఆయన అంబర్‌నాథ్ దాటాక వచ్చే స్టేషన్ బద్లాపూర్‌లో రెండు బెడ్‌రూములు, బాల్కనీ. అదే డబ్బుకి ఇక్కడ కల్వాలో పాత బిల్డింగులో ఒక గది, వంటిల్లు. బద్లాపూర్ నుంచి నా నెల పాస్‌కి పెరిగేది ఒక పూట చందువా చేపల పులుసు ఖర్చు కూడా కాదని తేల్చాడు. మా అత్తగారు కూడా తలూపింది.

ఆ లెక్కలో తప్పు లేదు. నాకు ఒళ్ళు మండింది అందుకే. ఇప్పుడు నేను ఇల్లు చేరేసరికి మా ఓవీకి అన్నం వేళవుతుంది. ఐదేళ్ళది, నేను తినిపిస్తే తప్ప తినదు. బద్లాపూర్ వెళితే నేను వచ్చేసరికీ అది నిద్రలోనే ఉంటుంది, వెళ్ళేటప్పుడూ నిద్రలోనే ఉంటుంది. ఆ మాట అంటే, పిల్లలకి ఏదైనా అలవాటైపోతుందన్నాడు. అలవాటైపోతుందనే నా భయం కూడా.

ఆదివారం ఫ్లాట్ చూడ్డానికి వెళ్ళాం. ఆదివారం కాబట్టి బండి ఖాళీ. ఓవీ బాల్కనీలో ఈ చివరినుంచి ఆ చివరికి పరుగులు పెట్టింది. అబద్ధమెందుకు, నాకూ ఇల్లు నచ్చింది. ఇక్కడే బయల్దేరే బళ్ళున్నాయనీ, మేడమ్‌కి రోజూ సీటు ఖాయమనీ ఏజెంటు ఊరించాడు. మర్నాడు సాయంత్రం అడ్వాన్స్ తెస్తానని అవధూత్ మాట ఇచ్చేశాడు, నా మొహం కూడా చూడకుండా.

ఇంటికొచ్చాక ఒక్కటే అడిగాను. "రేపు పొద్దున్న నాతో బద్లాపూర్ రండి. అక్కణ్ణించి బండెక్కి ఎవరి పనికి వాళ్ళం వెళదాం. ఆ తర్వాత మీ ఇష్టం."

"నాకేం, ఒక్క స్టేషనేగా," అన్నాడు.

బద్లాపూర్‌లో బయల్దేరాల్సిన బండి ప్లాట్‌ఫారమ్ మీదికి నిండుగానే వచ్చింది. సీటు కోసం అంబర్‌నాథ్ వాళ్ళు ముందే ఇటు వచ్చేసి, దిగకుండా కూర్చుంటారు. ఏజెంటు ఆ సంగతి చెప్పలేదు మరి. నేను ఆడవాళ్ళ పెట్టెలోకి దూరాను, ఆయన పక్క పెట్టెలోకి. ఎక్కడ దిగుతారని అడిగితే ఒకావిడ దాదర్ అంది, ఆ సీటు కూడా అప్పటికే ఎవరో అడిగేశారు. అంబర్‌నాథ్‌లో ఆయన దిగడం చూద్దామనుకున్నాను గానీ, నా ముక్కుకి ఆనుకున్న ఎవరిదో జడ తప్ప ఏమీ కనిపించలేదు.

సాయంత్రం కల్వాలో, వెనకనుంచి తోస్తున్నవాళ్ళ చేతుల్లోంచి దాదాపు పడుతూ దిగాను. చెప్పు ఊడిపోతే వంగి వెతుక్కుంటున్నాను. ఎదురుగా అవధూత్, ఆయన చెయ్యి పట్టుకుని ఓవీ. నా కోసం ఇద్దరూ స్టేషన్‌కి రావడం అదే మొదటిసారి. ఆయన చొక్కాకి రెండు గుండీలు లేవు.

"అమ్మా, నిన్నెందుకు తోశారు?" అంది ఓవీ. నేను చెప్పు తొడుక్కున్నాను.

అవధూత్ తన కథ చెప్పాడు. పెట్టెలో ఎక్కగానే ఎక్కడ దిగుతారని అడిగారట. అంబర్‌నాథ్ అంటే చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారట. "ఒక్క స్టేషన్‌కి ఈ బండెందుకు ఎక్కావు సోదరా, నడిచి పోలేకపోయావా?" అన్నాడట ఒకాయన. అంబర్‌నాథ్ రానే వచ్చింది. ఈయన ఒక అడుగు ముందుకేసేలోపు బయటివాళ్ళు లోపలికి తోసుకొచ్చి ఈయన్ని మళ్ళీ గోడకి కొట్టారు. ఇంకో రెండు స్టేషన్లు దాటిపోయాక కళ్యాణ్‌లో జనమే ఎత్తి కిందపడేశారు. వెనక్కి వచ్చేసరికి ఆలస్యమై ఫ్యాక్టరీలో సగం రోజు జీతం పోయింది.

"ఏజెంటుకి వద్దని చెప్పేశాను," అన్నాడు. మళ్ళీ తనే, "ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"పాస్ ఎంతని అడిగారు. ఎలా వస్తున్నావని ఎప్పుడైనా అడిగారా?"

ఆయన నా భుజం మీది సంచీ తీసి తన భుజానికి వేసుకున్నాడు. నెగ్గాను కదా, సంతోషంగా ఉండాలి. ఉండలేకపోయాను. తొమ్మిదేళ్ళ కోపం ఒక్కసారిగా వచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అందులో కొన్ని ఆ బాల్కనీ కోసం కూడా.

ఓవీ ఇంకా అన్నం తినలేదట. ముగ్గురం స్టేషన్ వంతెన మెట్లెక్కి ఇంటికి నడిచాం.