వెన్నగుండు మామిడిని మోసిన కుండీ

నేను ఒక మట్టి కుండీని. పూలకుండీ అని మాత్రం పిలవకండి, నాలో ఒక్క పువ్వూ పూయలేదు. అయినా ఈ దివాణం తోటలో నా అంత గొప్పగా బతికిన కుండీ ఇంకోటి లేదు. కోతలు కోస్తోంది అనుకుంటే అనుకోండి, చెప్పేది పూర్తిగా విన్నాక అనుకోండి.

కుమ్మరి ఆవంలో కాలేటప్పుడు నా పక్కనున్నవి రెండు పగిలాయి, నేను పగల్లేదు. అప్పట్నుంచే నాకు కాస్త టెక్కు. మొదట ఒక ప్లీడరు గారు కొనుక్కుని వరండాలో పెట్టి, నాలో ప్లాస్టిక్ గులాబీలు గుచ్చారు. వాటికి రోజూ దుమ్ము దులిపించి, తనకు తోటపని మహా ఇష్టమని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఇంటికి రంగులు వేయించాక గోడలకి నప్పలేదని నన్ను దివాణం తోటకి దానమిచ్చి, ఫోటో కూడా దిగారు.

ఈ తోట ఎప్పుడో జమీందార్లు వేసింది. ముళ్ళకంపలు కమ్మేసిన దాన్ని చుట్టుపక్కల వీధులవాళ్ళు ఆదివారాలు కలిసి బాగుచేసుకుంటున్నారు. వాళ్ళకి పెద్ద సాంబమూర్తి మాస్టారు. రిటైరైన డ్రిల్లు మాస్టారాయన, మొక్కల్ని కూడా వరసలో నిలబెట్టాలని చూస్తారు. బట్టలు కుట్టే నూకరత్నం ఆయనకి కుడిభుజం. తోట మధ్యలో ముసలి వెన్నగుండు మామిడి ఉండేది. ఆ రకం ఇంకెక్కడైనా ఉందేమోనని ఊళ్ళన్నీ గాలించారు, దొరకలేదు. మొదలంతా చెదలు తినేసి, ఒక్క కొమ్మలోనే ప్రాణం మిగిలింది. అదీ పోతే ఆ పండు రుచి ఇక ఎవరికీ తెలియదు.

కొమ్మ కోసి అంటు కడితే ఎండిపోతోంది. అందుకని పాత పద్ధతికి దిగారు. మామిడి మొలక ఉన్న కుండీనే చెట్టెక్కించి, బతికున్న కొమ్మకి మొలకని ఆనించి కడతారు. రెండూ కలిసిపోయాక తల్లి నుంచి వేరుచేస్తారు. మొదట ఎక్కింది ఒక సిమెంటు కుండీ. ఆదివారం వచ్చిన ప్రతివాళ్ళూ "అతుక్కుందా?" అంటూ కట్టు విప్పి చూడడం, మళ్ళీ కట్టడం. అంత ప్రేమని ఏ అంటు తట్టుకుంటుంది? ఎండి ఊరుకుంది. ఆ రోజు నూకరత్నం చెట్టుకింద కూర్చుని ఏడ్చింది.

రెండోసారి నా వంతు వచ్చింది. నూకరత్నం గోనెపట్టాతో నాకు బిగుతుగా జాకెట్టు కుట్టి, తాళ్ళు దానికి వేసి కొమ్మకి కట్టించింది. అంటు మీద గుడ్డ చుట్టి, దబ్బనంతో గట్టిగా కుట్టేసింది.

"ఇప్పుడు విప్పండి చూద్దాం. ఎవరైనా చెయ్యేశారో, వాళ్ళింట్లో పండగ బట్టలు నేను కుట్టనండి, ఆయ్!"

అందరికంటే ముందు మాస్టారే చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

వానాకాలం చివర్లో తుఫాను వచ్చింది. చెట్టు వేళ్ళతో సహా కూలింది. దాంతోపాటు నేనూ నేలకి కొట్టుకుని నిలువునా చీలాను. భయమేసింది, నాకోసం కాదు, నాలో ఉన్న మొక్క కోసం. కానీ గోనె జాకెట్టు వదల్లేదు, పిడికెడు మట్టి కూడా జారలేదు.

పొద్దున్నే వచ్చిన మాస్టారు చెట్టుని చూసి "అయిపోయిందమ్మా" అంటూ కూలబడ్డారు. నూకరత్నం మాత్రం కొమ్మల్లోకి దూరి నన్ను వెతికి పట్టుకుంది. అంటు మీది కుట్లు కోసింది. కొమ్మా మొలకా ఒక్కటైపోయి ఉన్నాయి.

"మాస్టారూ, అతుక్కుందండి! బతికిందండీ!"

అంటుని తల్లికొమ్మ నుంచి కోసి, నీడలో ఉంచి, అందరూ కలిసి బతికించారు. వేళ్ళు కుదురుకున్నాక నేలలో నాటే రోజు వచ్చింది. నన్ను అద్దాల బీరువాలో దాచాలని మాస్టారి కోరిక. అప్పటికి వేళ్ళు చీలికలోంచి నన్ను గట్టిగా పట్టేసుకున్నాయి. పగలగొడితే తప్ప మొక్క బయటికి రాదు. సుత్తి అందుకున్న మాస్టారు ఒక్క క్షణం ఆగారు. అటెన్షన్‌లో నిలబడి, నాకు సెల్యూట్ కొట్టారు. ఎవరూ నవ్వలేదు. తర్వాత ఒక్క దెబ్బ వేశారు. మహారాజులా పగిలాను.

ఇప్పుడా అంటు చెట్టయింది, దాని కొమ్మల నుంచి కొత్త అంట్లు కడుతున్నారు. ప్రతి అంటు కుండీ అడుగున, నీళ్ళు పోయే కన్నం మీద, నూకరత్నం నా పెంకు ఒకటి బోర్లిస్తుంది. పైనున్న కుండీలు తమ రంగులు చూసుకుని మురిసిపోతుంటాయి. మురవనివ్వండి. ఈ ఊళ్ళో ఏ పెరట్లో వెన్నగుండు చిగురేసినా, దాని తొలి వేళ్ళు తాకింది నన్నే.